కారులో చెప్పే న్యాయశాస్త్రం

ఈ వ్యాసం వ్రాయవలసిన అవసరం మా న్యాయవాదుల సంఘం ఏర్పాటు చేసిన ఒక సభ వల్ల కలిగింది. యువ న్యాయవాదులకు సీనియర్ల మార్గదర్శనం అన్నది ఆనాటి విషయం. నాకు ముందు మాట్లాడిన పెద్దలందరూ ఒకే మాటను వేర్వేరు గొంతులతో చెప్పారు. ఈ వృత్తి సముద్రం వంటిదట. ఈదగలిగిన ప్రతివారికీ తెరిచే ఉంటుందట. వేదిక మీద కూర్చున్నవారిలో కొందరు తండ్రుల పడవల్లోను, కొందరు మామగార్ల పడవల్లోను ఒడ్డుకు చేరినవారు. తడిసినవారు ఒక్కరూ లేరు. నా వంతు వచ్చేసరికి భోజనాల వేళ అయింది. అధ్యక్షులవారు గడియారం చూసుకుని, "మీరు పెద్దలు, క్లుప్తంగా దీవించండి చాలు" అన్నారు. దీవించి దిగాను. చెప్పదలచినది మిగిలిపోయింది గనుక వ్రాస్తున్నాను.

నల్లకోటు కొత్తగా కుట్టించుకున్న పిల్లల కోసం దీనిని వ్రాస్తున్నాను. నేను గెలిచిన పెద్ద దావాలు, వహించిన పదవులు ఇందులో ఉండవు. అవి నా సన్మానపత్రాలలో అవసరానికి మించి ఉన్నాయి. ఈ వృత్తి ఎవరికి ఎలా నేర్పబడుతుందో, ఎవరికి ఎందుకు నేర్పబడదో, అంతవరకే చెబుతాను.

ప్రవేశ పరీక్ష

పట్టా పుచ్చుకున్న వేసవిలో మా నాన్నగారు నన్ను గుంటూరులో పేరు మోసిన ఒక సివిల్ న్యాయవాది ఇంటికి తీసుకువెళ్ళారు. నన్ను ఏయే చట్టాలలో పరీక్షిస్తారోనని ముందునాడంతా చదువుకున్నాను. ఆయన నా వంక చూడనే లేదు. మా నాన్నగారిని అడిగారు.

"అబ్బాయి తల్లిగారిది ఏ ఊరండీ?"

"అద్దంకి పక్కనండి."

"అద్దంకి పక్కనంటే, పొగాకు వ్యాపారం వెంకయ్యగారు మీకేమవుతారు?"

"మా బావమరిదికి వియ్యంకుడండి."

"ఓరి, ఇంకేం! మనవాడే. రేపు పొద్దున్నే వచ్చెయ్యరా అబ్బాయ్."

పరీక్ష ముగిసింది. నేను ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడనయ్యాను. ఆ వెంకయ్యగారిని అంతకు ముందు గాని ఆ తరువాత గాని నేను చూడలేదు. కాని నా వృత్తికి శంకుస్థాపన చేసినవారు ఆయనే. వారి ఆత్మకు శాంతి కలుగుగాక. మరునాటి సాయంత్రం, నేను అక్కడ ఉండగానే, మరొక యువకుడు తన మార్కుల కాగితాలు పట్టుకుని అదే గుమ్మంలో నిలబడ్డాడు. అతని మార్కులు నావాటికంటె మెరుగైనవి. అతనిని ఊరి పేరు అడిగారు, తరువాత "ఊళ్ళోనా, కాలనీలోనా?" అని అడిగారు. "చూద్దాం, కబురు చేస్తాను" అన్నారు. మా సీనియర్ గారు మాట తప్పే మనిషి కారు. ఆ కబురు ఇంకా దారిలోనే ఉండి ఉండాలి.

విద్య ఎక్కడ జరుగుతుంది

న్యాయవాద విద్య కళాశాలలో జరగదని అందరికీ తెలుసు. కోర్టులో జరుగుతుందని చాలామంది భ్రమ. అది కారులో జరుగుతుంది.

మా ప్రాంతపు సీనియర్లకు పని గుంటూరులో సగం, చుట్టుపక్కల చిన్న కోర్టులలో సగం. చిలకలూరిపేట, అద్దంకి, చీరాల అంటూ కారులో తిరుగుతారు. ముందు సీటులో డ్రైవరు పక్కన గుమస్తా, ఆయన ఒడిలో టిఫిన్ క్యారియరు. వెనక సీటులో సీనియర్ గారు, వారి పక్కన ఒక జూనియర్. మిగిలిన జూనియర్లు కాగితాల కట్టలు మోసుకుని బస్సులో వస్తారు. దీనికి కారణం స్థలాభావమని చెబుతారు. ఆ వెనక సీటులో మూడవ మనిషి సుఖంగా పడతాడు. కాని అక్కడ సీనియర్ గారి కోటు కూర్చుంటుంది.

కారులో మా సీనియర్ గారు నాకు చెప్పిన మాటలు ఏ గ్రంథంలోనూ లేవు. ఏ సాక్షి ముందు గొంతు పెంచాలి, ఎవరి ముందు తగ్గించాలి, ఎదుటి వకీలు దగ్గితే అర్థం ఏమిటి, ఇవన్నీ అక్కడే తెలిశాయి. అన్నింటికంటె విలువైనది ఇది: "సాక్షి నోట్లోంచి నీకు కావలసింది ఊడిపడగానే కూర్చోరా. ఎందుకు, ఎలా అని అడక్కు. అడిగావా, వాడు చెప్తాడు." బస్సులో వచ్చినవాడికి ఈ వాక్యం తెలియదు. అతనికి కండక్టరు చెప్పినది తెలుసు: "లగేజీకి టికెట్ తీసుకో."

తరువాత ఈ ఇద్దరూ ఒకే కోర్టులో లేచి నిలబడతారు. వారిలో ఎవరికి ప్రతిభ ఉన్నదో లోకం నిష్పక్షపాతంగా తేలుస్తుంది.

రెండు ప్రశ్నలు

నేను వృత్తి విరమించే ముందరి కాలంలో మా ఊళ్ళో జోరుగా నడిచే ఆఫీసు ప్రసాదరావు గారిది. నన్ను అన్నగారూ అని పిలిచేవారు. చురుకైనవారు, మర్యాదస్తులు. వారి మేనల్లుడు చైతన్య కారు జూనియర్. కరుణ బస్సు జూనియర్.

కరుణది అద్దంకి వైపు ఒక పల్లె. తల్లిదండ్రులు మిరపకోతలకు, పత్తితీతలకు వెళ్ళే క్రైస్తవులు. ఆ పిల్ల వాళ్ళ ఇంటిలోనే కాదు, ఆ వీధిలోనే మొదటి వకీలు. పాస్టరు గారు ఎవరినో పట్టుకుంటే, వారు మరెవరినో పట్టుకుంటే, ఎట్టకేలకు ప్రసాదరావు గారి వరండాలో ఒక కుర్చీ దొరికింది. గదిలో కక్షిదారులతో మాటలు జరిగేటప్పుడు ఆ తలుపు వేసి ఉండేది. ఏసీ చల్లదనం పోతుందని.

ఆదెమ్మ అనే విధవరాలి దావా కరుణ చేతికి వచ్చింది. పక్క చేను రైతు రాత్రికి రాత్రి గట్టు జరిపి ఆమె మిరపచేలో ఒక చాళ్ళ వరస కలుపుకున్నాడని ఫిర్యాదు. ఫీజు ఇచ్చుకోలేని దావా గనుకనే కరుణకు వచ్చిందని వేరే చెప్పనక్కరలేదు. అద్దంకి కోర్టులో రైతు తరఫు సాక్షిని ఆమె క్రాసు చేసేటప్పుడు, అంటే ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, నా కేసు పిలుపు కోసం కాచుకుని నేను అక్కడే ఉన్నాను.

"నీ పొలం ఎక్కడ?"

"కాలవ అవతలండి."

"గట్టు జరిపారంటున్న రాత్రి నువ్వు ఊళ్ళో ఉన్నావా?"

"లేనండి. కోతలకి పోయినానండి."

అక్కడ కూర్చోవాలి. ఆమె కూర్చోలేదు.

"మరి ఊళ్ళో లేనివాడివి, గట్టు మొదటినించీ అక్కడే ఉందని ఎట్లా చెప్తావు?"

"ఎట్లాగేందమ్మా! మా బర్రె అంతకు ముందేడే ఆ గట్టు మీంచి జారిపడి కాలిరగ్గొట్టుకుంది గదా. నాకు గుర్తుండదా!"

కోర్టు నవ్వింది. ఆదెమ్మ నవ్వలేదు.

అదే నెలలో చైతన్య మరొక కోర్టులో ప్రామిసరీ నోటు దావా నడిపాడు. ఎదుటి సాక్షి, సంతకం పెట్టిన వేళ కరెంటు పోయిందని, చీకటిగా ఉందని ఒప్పుకున్నాడు. చైతన్య అక్కడ ఆగలేదు. "చీకట్లో సంతకం ఎలా చూశావయ్యా?" అన్నాడు. "నేనే గదండీ సెల్లు లైటు పట్టుకుంది!" అన్నాడు సాక్షి.

ఒకే తప్పు. అచ్చు ఒకటే. ఇక ఫలితాలు చూడండి.

చైతన్య ఆ ప్రశ్న అడిగిన సాయంత్రం నేను ప్రసాదరావు గారి కారులోనే వచ్చాను. నాకోసం కోటును మడిచి పెట్టారు. దారిపొడవునా ఆయన మేనల్లుడిని ఆటపట్టించారు. "ఒరేయ్ సెల్లు లైటూ! ఇంకో ప్రశ్న అడక్కపోయావా, చార్జింగు ఎంతుందో కూడా చెప్పేవాడు." చిలకలూరిపేట దగ్గర టీ తాగించారు. ఎక్కడ ఆగవలసిందో, ఎందుకు ఆగవలసిందో విడమరచి చెప్పారు. చివరకు వీపు తట్టి, "తప్పు చెయ్యందే వకీలెట్టా అవుతావురా" అన్నారు. చక్కని పాఠం. నేను దానిలో ఒక్క అక్షరం మార్చను.

కరుణ విషయంలో ఆయన గుమస్తా సాంబయ్యను పిలిచి ఒకే ముక్క చెప్పారు. "ఇకనించీ ఆ అమ్మాయికి వాయిదాలు అడిగే పని తప్ప వేరే ఇవ్వబాక. క్రాసనేది రక్తంలో ఉండాలి."

చైతన్య రక్తాన్ని సాక్షి సెల్లు లైటులో చూపించిన తరువాత ఆయన ఈ మాట అనడం గమనించదగినది.

నేను చేసిన యాత్ర

కొన్నాళ్ళకు కరుణ నల్లపాడులోని మా ఇంటికి వచ్చింది. కోర్టులో నన్ను చూసిన పరిచయం తప్ప మరేమీ లేదు. నిలబడే మాట్లాడింది.

"మంగళగిరిలో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది సార్. కంప్యూటర్ ముందు కూర్చునే పని. సోమవారం చేరమన్నారు. చేరితే కోటు పెట్టెలో పెట్టెయ్యటమే. చేరే ముందు ఒక్కటి తెలుసుకుందామని వచ్చాను. ఆ రోజు నేను చేసిన తప్పేంటి సార్?"

"ప్రసాదరావు గారు చెప్పలేదా?"

"సాంబయ్య గారి చేత ఒక తిట్టు పంపారు సార్. తిట్టు పాఠం కాదు గదా."

నేను చెప్పాను. విన్నది, తల పంకించింది. "ఇంతేనా!" అన్నది. కోపమో దుఃఖమో నాకు తెలియలేదు. నాకు మాత్రం ఈ పిల్లను వృత్తి పోగొట్టుకోరాదని అనిపించింది. "సోమవారం దాకా ఆగు. నిన్ను మంచి ఆఫీసులో చేర్పిస్తాను" అన్నాను. క్రమశిక్షణ గల మనిషిని గనుక ఒక పద్ధతి ప్రకారం బయలుదేరాను. పరిచయాల వల్ల చెడిన వ్యవస్థను నా పరిచయాలతో బాగుచేయాలన్నదే ఆ పద్ధతి.

మొదటి సీనియర్ గారు కాఫీ ఇచ్చి, తమ ఆఫీసులో కులమతాలు లేవన్నారు. "అందుకేనండీ, ఉన్నవాళ్ళంతా అన్నదమ్ముల్లా కలిసిపోయారు. కొత్తవాళ్ళు ఇమడలేరు" అన్నారు. వారు నిజంగానే అన్నదమ్ములు. ఇద్దరు సొంత, ఒకరు పినతండ్రి కొడుకు.

రెండవవారు, "ఆడపిల్ల కదండీ, సాయంత్రాలు పొద్దుపోతుంది. భద్రత మన బాధ్యత" అన్నారు. వారి కోడలు అదే ఆఫీసులో చీకటి పడేదాకా పనిచేస్తుంది. ఆమె భద్రత ఎవరి బాధ్యతో నేను అడగలేదు.

మూడవవారు సూటి మనిషి. "వాళ్ళకి గవర్నమెంటు అన్నీ ఇస్తంది గదండీ, మళ్ళీ మనమెందుకు?" అన్నారు. ప్రభుత్వం సీనియర్లను కూడా పంచిపెడుతున్నదని నాకు ఆనాడే తెలిసింది. ఏ కార్యాలయంలో దరఖాస్తు చేయాలో ఆయన చెప్పలేదు.

ముగ్గురూ గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. మర్యాదకు లోటు లేదు.

బస్సు

ఆదివారం సాయంత్రం వట్టి చేతులతో ఇంటికి వచ్చేసరికి కరుణ మా వరండాలో ఉన్నది. పక్కన ఆదెమ్మ, చంకలో సంచీ.

ఆదెమ్మ ఆనాడు ప్రసాదరావు గారి ఆఫీసుకు వెళ్ళిందట. దావా ఇక చైతన్య చూస్తాడని ఆయన అన్నారట. "నేనన్నానయ్యా, అబ్బాయి బంగారమే గానీ నా గట్టు కత ఇన్నది ఈ పిల్లే. చేలోకొచ్చి నాతోపాటు చాళ్ళెంబడి నడిచింది. ఈ పిల్లే అడగాల అన్నా. ఆయన, సరే తీసుకుపో అన్నాడు." ఫీజు రాని కాగితాలు ఆ ఆఫీసు నుంచి అంత వేగంగా మరెన్నడూ బయటికి రాలేదు.

"రేపు మంగళగిరి?" అని కరుణను అడిగాను.

"గురువారం అద్దంకిలో ఆ రైతునే బోనెక్కిస్తున్నారు సార్. ఈ దావా అయ్యేదాకా ఉద్యోగంలో చేరనని ఫోన్ చేసి చెప్పేశాను. వాళ్ళు ఇంకొకళ్ళని తీసుకుంటారంట." గొంతు కొంచెం తగ్గింది. "మీరు ఇంక కుర్చీలు అడగటం ఆపండి సార్. ప్రసాదరావు గారు చైతన్యకి కారులో ఏమేం చెప్తారో, అది నాకు చెప్పండి."

"నాకిప్పుడు కారు లేదమ్మా. డాక్టరు నడపవద్దన్నాడు, అమ్మేశాను."

"బస్సులో చెప్తే అర్థం మారిపోద్దా సార్?"

గురువారం ఉదయం కరుణతో అద్దంకి బస్సు ఎక్కాను. కక్షిదారుల పేర్లు బస్సులో పలకరాదని నియమం పెట్టి, సూత్రాలు మాత్రం చెప్పడం మొదలుపెట్టాను. కారులో గొంతు తగ్గించి చెప్పే మాటలను బస్సులో అరిచి చెప్పాలి. ఇంజను చప్పుడు అలాంటిది. పేట దాటేసరికి చుట్టూ ఉన్నవారంతా విద్యార్థులయ్యారు.

"సాక్షి ఒప్పుకున్నాక ఎలా, ఎందుకు అని అడగకూడదు" అన్నాను.

ముందు సీటులోని ఒక పెద్దావిడ వెనక్కి తిరిగింది. "అదేందయ్యా, నిజం అడగొద్దంటావు?"

"నిజం బయటికి వచ్చాక ఆగమంటున్నానమ్మా."

"మా ఆయన కాడ నాకది చాతగాదు" అన్నదామె. బస్సంతా నవ్వింది.

మిరప యార్డు నుంచి తిరిగి వస్తున్న రైతు ఒకాయన కల్పించుకున్నాడు. "ఏవమ్మా లాయరమ్మా, మేం కమీషన్ వ్యాపారితో బేరమాడేటప్పుడూ అంతే. ఆడు రేటు నోరు జారాడా, ఇంక మాట్టాడం. టవలు దులుపుకోటమే." మా సీనియర్ గారు ఇదే సంగతి నాకు చెప్పడానికి చాలా పెట్రోలు ఖర్చుచేశారు.

కోర్టులో కరుణ ఆ పక్క చేను రైతును నెమ్మదిగా అడిగింది. ఆదెమ్మతో చాళ్ళ వెంబడి నడిచిన మనిషి అడిగే ప్రశ్నలవి.

"గట్టు పక్కన ఒక వేపమొద్దు ఉంది గదా?"

"ఉందండి."

"అది చెట్టుగా ఉన్నప్పుడు దాని నీడలో మిరపకాయలు ఎవరు పోసుకునేవాళ్ళు?"

"ఆదెమ్మోళ్ళేనండి."

"వాళ్ళ చేలోనే గదా పోసుకునేది?"

"ఆళ్ళ చేలోనేనండి."

"ఇప్పుడా మొద్దు గట్టుకి ఏ పక్క ఉంది?"

ఆయన వకీలు దగ్గాడు. రైతుకు ఆ దగ్గు అర్థం కాలేదు. "నా పక్కనండి" అన్నాడు.

మరి అది నీ పక్కకు ఎలా వచ్చింది? ఆ ప్రశ్న నా నాలుక చివర ఉన్నది. ఇన్నేళ్ళ అనుభవం గల నన్ను ఆ క్షణంలో అడగనిస్తే అడిగి ఉండేవాడిని. కరుణ కాగితాలు సర్దుకుని, "అంతేనండి" అని కూర్చున్నది. దావా ఆదెమ్మకు అనుకూలంగా తీర్పయింది.

గురువులు దొరకు విధం

గురువు దొరికితే గెలుస్తారని పెద్దలు చెబుతారు. మా ఊళ్ళో క్రమం తిరగబడి ఉన్నది: గెలిస్తే గురువులు దొరుకుతారు. తీర్పు వచ్చిన వారంలో ప్రసాదరావు గారు న్యాయవాదులతో నిండిన బార్ గదిలో, "మా ఆఫీసు పిల్లేనండీ అన్నగారూ! క్రాసు రక్తంలో ఉంది" అన్నారు. భద్రత గురించి దిగులుపడినవారు తమ ఆఫీసులో సాయంత్రాలు త్వరగానే మూసేస్తామని కబురు చేశారు. ప్రభుత్వం అన్నీ ఇస్తున్నదన్నవారు నన్ను పక్కకు పిలిచి, "మొదట మా దగ్గరికే తెచ్చారు గదండీ మీరు" అని గుర్తుచేశారు.

ప్రసాదరావు గారు అందరికంటె ఒక మెట్టు పైకి వెళ్ళారు. అందరి ఎదుటా కరుణతో, "తల్లీ, సోమవారం నించీ నువ్వు కారులోనే రావాలి" అన్నారు.

అక్కడున్న పిల్లల్లో సగం మంది ఆ సీటు కోసం ఏళ్ళుగా కాచుకున్నవారే. ఆమెకు సీనియర్ లేడు. నెలకు ఒక దావా వస్తే గొప్ప. మంగళగిరి ఉద్యోగం మరొకరికి పోయింది. ఒప్పుకోవడమే వివేకమని నేను అనుకున్నాను.

"చాలా సంతోషం సార్. కారులో ఎంతమంది పడతారు?"

"నువ్వూ, చైతన్యా, నేనూ. కోటు డిక్కీలో వేద్దాం."

"మీ వరండాలో ఇంకా ఇద్దరున్నారు సార్. వాళ్ళు నాతోపాటు అద్దంకి బస్సెక్కుతున్నారు. వాళ్ళక్కూడా పడితే వస్తాను. లేదంటే, ఆ బస్సులో చైతన్యకి కూడా సీటుంది."

ప్రసాదరావు గారు నవ్వారు. కోటు డిక్కీలోకి వెళ్ళలేదు. చైతన్య మాత్రం, ఎవరికీ చెప్పకుండా, ఒక గురువారం బస్సెక్కాడు. లగేజీ టికెట్ తీసుకోవాలని అతనికి తెలియకపోతే కరుణ చెప్పింది.

పిల్లలారా, ఇందులో నేను తప్పులు వ్రాసి ఉంటాను. కాలం మీద, మనుషుల మీద, నా మీద కూడా. తెలిసినవారు మొగమాటపడక దిద్దవలసిందని కోరుతున్నాను. ప్రసాదరావు గారు తమ పక్షం వ్రాసి పంపితే అక్షరం మార్చకుండా జతపరుస్తాను. ఒక సవరణ ఇప్పటికే అందింది. ఈ వ్యాసాన్ని మొదట కరుణకు చూపించాను. "ఈమెకు వృత్తి నేర్పే భాగ్యం నాకు కలిగింది" అని అందులో ఒక వాక్యం ఉండేది. ఆమె దాని కింద గీత గీసి, "నేర్పారు సార్, నిజమే. కానీ నేను మీ గుమ్మం ఎక్కి అడిగాక. అడగటానికి రాలేక ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళ సంగతి కూడా రాయండి" అన్నది. వారి పేర్లు నాకు తెలియవు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.